మౌసెక్కడో మనసక్కడ

మొన్న మా టీమ్‌లో కుర్రాడొకడు ఏదో బగ్ చూపిద్దామని నా కుర్చీలో కూర్చున్నాడు. రెండు నిమిషాలు టకటకలాడించి, కీబోర్డు మీంచి చేతులు తీసేసి, "అన్నా, మీ మెషీన్‌కి దెయ్యం పట్టింది. నేను ఒకచోట కొడుతుంటే ఇంకోచోట పడుతోంది" అన్నాడు.

దెయ్యమూ లేదు, భూతమూ లేదు. నా డెస్క్‌టాప్‌లో మౌస్ బాణం ఏ విండో మీదుంటే కీబోర్డు ఆ విండోకి పనిచేస్తుంది. క్లిక్ చెయ్యక్కర్లేదు. వాడు పాపం అలవాటు కొద్దీ ఒక విండోలో క్లిక్ చేసి, బాణం అక్షరాలకి అడ్డమొస్తోందని పక్కకి నెట్టేసి టైపు చెయ్యడం మొదలెట్టాడు. పక్కన ఇంకో విండో వుంది. వాడి టైపంతా అందులో పడింది.

విషయం చెప్పాక వాడు నన్ను చూసిన చూపు, ఈ కాలంలో ఇంకా ఫౌంటెన్ పెన్నులో ఇంకు పోసుకునేవాణ్ణి చూసినట్టుంది. "ఎవరైనా కావాలని ఇలా పెట్టుకుంటారా?" అనడిగాడు. అప్పుడు నవ్వేసి వూరుకున్నాను కానీ ఇంటికెళ్ళేదాకా ఆ ప్రశ్న బుర్రలో తిరుగుతూనే వుంది. ఎందుకంటే ఒకప్పుడు యూనిక్స్ వాళ్ళలో చాలామంది ఇలాగే పెట్టుకునేవాళ్ళు. ఆ అలవాటు పోవడానికి కారణం అదేదో చెడ్డదని తేలడం కాదు. స్క్రీన్ మీద మెనూ బార్ ఎక్కడుండాలి అనే, దీనికి బొత్తిగా సంబంధం లేనట్టు కనిపించే వ్యవహారం ఒకటి దీని పీకకి చుట్టుకుంది. ఆ కథే ఇది. కాస్త పాతకాలం నుంచి మొదలెట్టాలి, ఓపిక పట్టండి.

ముందు ఫోకస్ అంటే ఏంటో ఒక ముక్క. విండోలు పదుంటాయి, కీబోర్డు ఒకటే. నేను 'అ' నొక్కితే ఆ 'అ' ఎవరికి చెందాలి? దీనికి జవాబులు ప్రధానంగా రెండు. ఒకటి, చివరగా ఏ విండో మీద క్లిక్ చేశానో దానికి. రెండు, మౌస్ బాణం ఇప్పుడు ఎక్కడుందో దానికి. మొదటిదాంట్లో నేను "ఇదీ నా విండో" అని ప్రకటిస్తాను. రెండోదాంట్లో ప్రకటనలేం వుండవు, చెయ్యి ఎటుంటే అటే.

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ని లోకానికి చూపించాడు. ఆ మౌస్‌కి మూడు బటన్లు. తర్వాత జిరాక్స్ వాళ్ళ పార్క్ పరిశోధనాలయంలో 1973లో ఆల్టో అనే కంప్యూటర్ పుట్టింది. ఒకదానిమీదొకటి పడివుండే విండోలు, పాపప్ మెనూలు స్మాల్‌టాక్ వాళ్ళ చేతిలో దానిమీదే రూపుదిద్దుకున్నాయి. దానికీ మూడు బటన్ల మౌసే. స్మాల్‌టాక్‌లో ఆ బటన్లకి ఎరుపు, పసుపు, నీలం అని పేర్లు కూడా పెట్టుకున్నారు. పసుపు బటన్ నొక్కితే బాణం ఎక్కడుందో సరిగ్గా అక్కడే మెనూ ఊడిపడేది. దాన్ని వెతుక్కుంటూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఇరానీ హోటల్లో కూర్చుంటే సర్వర్ మన టేబుల్ దగ్గరికొచ్చి "ఏం గావాలె సాబ్" అన్నట్టన్నమాట.

ఇక ఆపిల్. లీసా అనే కంప్యూటర్ తయారుచేస్తున్నప్పుడు మౌస్‌కి ఎన్ని బటన్లుండాలని పెద్ద చర్చే జరిగింది. జిరాక్స్ నుంచి వచ్చిన లారీ టెస్లర్ ఒక్కటే చాలన్న పక్షం. (కారు నంబర్ ప్లేటు మీద "నో మోడ్స్" అని రాయించుకున్న మనిషి. మనం రోజుకి వందసార్లు చేసే కట్-కాపీ-పేస్టుకి ముఖ్యమైన కర్తల్లో ఒకడు. 2020లో పోయాడు.) కొత్తగా కంప్యూటర్ ముట్టుకునేవాళ్ళని కూర్చోబెట్టి చూస్తే, మూడు బటన్లలో ఏది నొక్కాలో తెలియక తికమకపడేవాళ్ళు. కనుక ఒక్కటే బటన్ అని తేల్చారు. మంచి నిర్ణయమే, కాదనను. మా నాన్నకి మౌస్ నేర్పించినవాణ్ణి, "ఎడమదా కుడిదా" అనే ప్రశ్న ఎన్నిసార్లు వినాలో నాకు తెలుసు.

కానీ ఆ ఒక్క నిర్ణయంతో ఒక చిక్కొచ్చిపడింది. వున్న ఒక్క బటనూ ఎంచుకోవడానికి, లాగడానికి ఖర్చయిపోయింది. ఇక మెనూని పిలవడానికి బటనేదీ? పిలిస్తే రాదు కాబట్టి మెనూ ఎక్కడో ఒకచోట ఎప్పుడూ కనిపిస్తూ వుండాలి, మనమే దాని దగ్గరికెళ్ళాలి. బిల్ అట్కిన్సన్ ఆ రోజుల్లో తన ప్రయోగాలన్నిటినీ పోలరాయిడ్ ఫోటోలు తీసి దాచుకున్నాడు. వాటిల్లో చూస్తే మెనూలు మొదట విండోలకే అతుక్కుని వుంటాయి, తర్వాతెప్పుడో స్క్రీన్ నెత్తి మీదికి ఎక్కుతాయి. ఆలోచిస్తే సబబే. చిన్న విండో అయితే మెనూ పేర్లు పట్టవు. విండో స్క్రీన్ అడుగున వుంటే మెనూ కిందికి జారడానికి చోటుండదు. పైన ఒకే పట్టీ వుంటే రెండు గొడవలూ తీరతాయి. కిందికి జారే ఆ మెనూల వ్యవస్థ మొత్తం అట్కిన్సన్ ఒక్క రాత్రిలో రాసి పట్టుకొచ్చాడని టెస్లరే తర్వాత చెప్పాడు. మనం ఒక్క రాత్రిలో రాసిన కోడ్ ఎలా వుంటుందో గుర్తు తెచ్చుకుని కాస్త సిగ్గుపడదాం.

1983 జనవరిలో లీసా, 1984 జనవరి 24న మెకింటాష్. మెకింటాష్ స్క్రీన్ 9 అంగుళాలు, 512×342 చుక్కలు. పైన 20 గీతలు మెనూ బార్‌కి పోతే మిగిలినవి 322. ఇంత ఇరుకింట్లో ప్రతి విండోకీ ఒక మెనూ అంటే కుదిరే పనేనా? పైగా అప్పటి మెకింటాష్‌లో ఒకసారికి ఒకే ప్రోగ్రాం నడిచేది. ఇంట్లో ఒక్కడే వున్నప్పుడు "ఎవరి మెనూ" అన్న ప్రశ్నే రాదు.

పైన వుండడానికి ఇంకో సమర్థన కూడా వుంది, అది గట్టిది. పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో చెప్పినదాని ప్రకారం, ఒక గురిని చేరడానికి పట్టే సమయం దాని దూరం మీద, దాని సైజు మీద ఆధారపడి వుంటుంది. దూరమెక్కువైతే ఆలస్యం, గురి పెద్దదైతే తొందర. స్క్రీన్ అంచున వున్న మెనూకి ఒక గమ్మత్తుంది. మౌస్‌ని ఎంత జోరుగా పైకి విసిరినా బాణం అంచు దగ్గర ఆగిపోతుంది, దాటిపోదు. అంటే 20 చుక్కల పట్టీ కాస్తా అంతులేనంత ఎత్తున్న గోడ అయిపోయింది. విండో లోపలి మెనూ అలా కాదు, దాని మీద సరిగ్గా ఆగాలి, ఆగాలంటే నెమ్మదించాలి. ఆపిల్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన బ్రూస్ టొగ్నాజినీ మెకింటాష్ మెనూని పట్టుకోవడం విండోస్ మెనూకంటే దాదాపు అయిదు రెట్లు తొందర అని రాశాడు. అయిదా, మూడా అన్నది స్క్రీన్‌నిబట్టి వుంటుందనుకోండి. చిన్న తెరల మీద మాత్రం ఆయన వాదనకి తిరుగులేదు.

సరే, ఇప్పుడు అసలు సంగతి. తర్వాత 1987లో మల్టీఫైండర్ వచ్చి మెకింటాష్‌లో చాలా ప్రోగ్రాములు ఒకేసారి నడవడం మొదలైంది. మెనూ బార్ మాత్రం ఒకటే. ఎవరి మెనూ చూపించాలి? చురుగ్గా వున్న ప్రోగ్రాందే. ఏది చురుగ్గా వుందో ఎలా తెలియాలి? క్లిక్ చేసినదే. వేరే దారి లేదు. ఒక్క బటన్ వల్ల మెనూ పైకెక్కింది, మెనూ పైకెక్కడం వల్ల ఫోకస్ క్లిక్‌కి కట్టుబడిపోయింది. ఎవరూ కూర్చుని "మౌస్ వెంట ఫోకస్ వద్దు" అని తీర్మానించలేదు, ఆ తలుపు దానంతటదే మూసుకుంది.

ఇదే కాలంలో అమెరికా తూర్పు తీరాన, ఎంఐటీలో, బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ 1984లో ఎక్స్ విండో సిస్టమ్ మొదలెట్టారు. స్టాన్‌ఫోర్డ్ నుంచి వచ్చిన డబ్ల్యూ అనే విండో సిస్టమ్ తర్వాతది కాబట్టి ఎక్స్ అట. (పేర్లు పెట్టడంలో మనవాళ్ళ తర్వాతే ఎవరైనా అనుకుంటాం కానీ, ప్రోగ్రామర్లకి కులదేవత బద్ధకమే.) 1987 సెప్టెంబరులో ఎక్స్11 వచ్చింది. వాళ్ళ సిద్ధాంతం ఏంటంటే, మేం యంత్రాంగం ఇస్తాం, విధానం మీరు తేల్చుకోండి. విండోకి అంచులెలా వుండాలి, మెనూ ఎక్కడుండాలి, ఫోకస్ ఎవరిది, ఇవేవీ మాకొద్దు, విండో మేనేజర్ అని వేరే ప్రోగ్రాం రాసుకోండి అన్నారు. మరి విండో మేనేజరే నడవకపోతే? అప్పుడు కీబోర్డు బాణం కింద వున్న విండోకి వెళ్తుంది. ఎక్స్‌లో ఎవరూ ఏమీ చెప్పకపోతే జరిగేది అదే.

మౌస్‌లకి మూడు బటన్లు అలాగే వున్నాయి కాబట్టి మెనూ పిలిస్తే పలికేది. కంట్రోల్ పట్టుకుని నొక్కితే ఎక్స్‌టెర్మ్‌లో ఇప్పటికీ మూడు బటన్లకి మూడు మెనూలు వస్తాయి, చూడండి. గింప్ పాత వెర్షన్లలో బొమ్మ మీద కుడి బటన్ నొక్కితే మెనూ మొత్తం అక్కడే విప్పుకునేది, 2004లో 2.0 వచ్చాకే బొమ్మ విండోకి మెనూ బార్ తగిలించారు. ఒక విండోలో ఎంచుకున్న అక్షరాలు ఇంకో విండోలో మధ్య బటన్ నొక్కితే పడతాయి. అన్నీ చేతికిందే. మెనూ చెయ్యి దగ్గరికొస్తోంది, కీబోర్డు చెయ్యి వెంట నడుస్తోంది. ఇది ఒక కుటుంబం, ఆపిల్‌ది ఇంకో కుటుంబం. ఎవరింట్లో వాళ్ళ పద్ధతి చక్కగా అమరింది.

నేను ఈ రెండో కుటుంబంలోకి వెళ్ళింది 2001లో, హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో. కాలేజీలో విండోస్ 98 మీద చేతులు తిప్పుకుని వచ్చినవాడికి సన్ మెషీన్ ఇచ్చారు, దానిమీద సోలారిస్, దానిమీద సీడీఈ. నేను ప్రతి విండో మీదా క్లిక్ చేస్తుంటే పక్క సీటు సీనియర్ ఒకాయన రెండ్రోజులు భరించి, మూడోరోజు "ఏమయ్యా, ప్రతి గదికీ తలుపు కొట్టి వెళ్తావా? నీ ఇల్లే కదా" అని, స్టైల్ మేనేజర్ తెరిచి, బాణం చూపిస్తే చాలు అనే ఆప్షన్ నొక్కేశారు. ఇంకో పని కూడా చేశారు. ఫోకస్ వచ్చిన విండో తనంతట తాను పైకి లేవకుండా ఆపేశారు. ఆయన చేసిన రెండో ఉపకారమే గొప్పది.

ఎందుకంటారా? క్లిక్ పద్ధతిలో రెండు పనులు ముడిపడిపోయాయి. టైపు చెయ్యాలంటే విండో పైకి రావాలి. పైకొస్తే కిందున్నది కప్పుకుపోతుంది. నేనేమో స్పెసిఫికేషన్ డాక్యుమెంటు ముందు పెట్టుకుని, దానివెనక కొద్దిగా కనిపిస్తున్న టెర్మినల్లో కమాండ్ కొట్టాలి. కొత్త పద్ధతిలో బాణం ఆ కనిపించే ముక్క మీదికి జరిపితే చాలు, చదివేది చదువుతూనే వుంటా, కొట్టేది కొడుతూనే వుంటా. బాణం విండోల్లోంచి బయటికి, ఖాళీ చోటికి వెళ్తే చివరి విండోకే ఫోకస్ వుండిపోయే రకం ఒకటుంది, దాన్ని స్లాపీ ఫోకస్ అంటారు. తర్వాత లైనక్స్‌లో ఎఫ్‌వీడబ్ల్యూఎంలో అది దొరికాక నాకు స్వర్గమే. నెల తిరిగేసరికి చేతులకి అలవాటైపోయింది. విండో మారుస్తున్నానన్న ధ్యాసే వుండేది కాదు.

ధ్యాస లేకపోవడం వల్ల ఏం జరుగుతుందో కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఒక రాత్రి పదకొండింటికి రెండు ఎక్స్‌టెర్మ్‌లు తెరిచి వున్నాయి. ఒకటి టెస్ట్ సర్వర్, ఇంకోటి క్లయింటు వాడుతున్న అసలు సర్వర్. టెస్ట్ దాన్ని రీబూట్ చెయ్యాలి. కమాండ్ కొట్టే ముందు టీ కప్పు అందుకోబోతే మోచెయ్యి మౌస్‌కి తగిలింది, బాణం అయిదారు సెంటీమీటర్లు జరిగింది. నా కళ్ళు కీబోర్డు మీదున్నాయి. రీబూట్ అని కొట్టి ఎంటర్ నొక్కాక తల ఎత్తితే టెస్ట్ సర్వర్ హాయిగా నడుస్తోంది. ఆ క్షణంలో కడుపులో ఏమవుతుందో పడ్డవాడికే తెలుసు. సర్వర్ తిరిగి లేచేసరికి ఇరవై నిమిషాలు. అక్కడ వాళ్ళకి మిట్టమధ్యాహ్నం. తెల్లారి మేనేజర్ దగ్గర్నుంచి టీమ్ అందరికీ మెయిలు, ఇకమీదట ఎవరూ ఆ సెట్టింగ్ వాడరాదని. నావల్ల అందరి చేతులకీ సంకెళ్ళు. మా సీనియర్ నన్నేమీ అనలేదు కానీ, నెలరోజులు క్లిక్కులు కొడుతూ ప్రతి క్లిక్‌కీ నావైపు చూసేవారు. అప్పట్నుంచి అసలు సర్వర్లకి టెర్మినల్ బ్యాక్‌గ్రౌండ్ ముదురెరుపు పెట్టుకుంటున్నాను. సెట్టింగ్ మాత్రం నెల తర్వాత మళ్ళీ మార్చుకున్నాను. సీనియరూ మార్చుకున్నారు, ఎవరూ చూడకుండా.

ఈ రెండు కుటుంబాలకీ పెళ్ళి చెయ్యబోతే ఏమవుతుందో తెలిసింది 2011లో. ఆ ఏడు ఏప్రిల్ 28న ఉబుంటు 11.04 వచ్చింది, యూనిటీ అనే కొత్త ముస్తాబుతో. యూనిటీ పుట్టింది నెట్‌బుక్కుల కోసం, అంటే 1024×600 తెరల కోసం. నిలువున చోటు తక్కువ కాబట్టి విండోల మెనూలన్నీ తీసుకెళ్ళి పై పట్టీలో కలిపేశారు, అచ్చం మెకింటాష్‌లాగే. నేను అప్‌గ్రేడ్ చేసి కూర్చున్నాను. కింద టెర్మినల్, పైన బ్రౌజర్. టెర్మినల్ మెనూ కావాలి. బాణం టెర్మినల్ మీదుంది, పై పట్టీలో దాని పేరుంది. మౌస్ పైకి తోశాను. దారిలో బ్రౌజర్ వుంది కదా! బాణం దాన్ని తాకగానే ఫోకస్ బ్రౌజర్‌కి పోయింది. నేను పైకి చేరేసరికి అక్కడ బ్రౌజర్ మెనూ నవ్వుతూ ఎదురొచ్చింది. మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి. దారిలో ఎదురైనవాళ్ళందరికీ నమస్కారం పెట్టకుండా గుడికి చేరలేని పల్లెటూరి పెద్దమనిషిలా అయింది నా పని. దానికితోడు యూనిటీలో ఆ మెనూలు బాణం పైకి వెళ్ళేదాకా కనపడవు కూడా, వెళ్ళి చూస్తేనే తెలిసేది ఎవరి మెనూ వచ్చిందో.

ఇందులో బగ్గేమీ లేదని గమనించండి. రెండు నియమాలూ చెప్పినట్టే పనిచేస్తున్నాయి. 1983లో ఒక్క బటన్‌తో మొదలైన గొలుసులోంచి ఒక కడియం పీకి, మూడు బటన్ల గొలుసులో తగిలించారు, అంతే. ఉబుంటువాళ్ళకి తప్పు తెలియకపోలేదు. 14.04లో మెనూలని మళ్ళీ విండో టైటిల్ పట్టీలోకి తెచ్చుకునే ఆప్షన్ ఇచ్చారు, 2017లో యూనిటీనే వదిలేసి 17.10 నుంచి గ్నోమ్‌కి మారిపోయారు. కానీ ఆ ఆరేళ్ళలో నాకు తెలిసిన స్లాపీ ఫోకస్ వాళ్ళు కొందరు విసుగెత్తి క్లిక్‌కి మారిపోయారు. ఇంకొందరు వేరే డెస్క్‌టాపులు పట్టుకున్నారు.

గ్నోమ్ కథ కొంచెం వేరు. హావక్ పెన్నింగ్టన్ 2002లో ఒక వ్యాసం రాశాడు, ప్రతి సెట్టింగ్‌కీ ఒక ఖరీదుందని, అన్నీ ఇస్తూ పోతే ఏదీ ఎవరికీ దొరకదని. అప్పట్లో చదివి పళ్ళు నూరాను. ఇప్పుడు పదిమంది వాడే ఒక అప్లికేషన్ సెట్టింగ్స్ పేజీని మోస్తున్నవాడిగా చదివితే సగం నిజమే అనిపిస్తుంది. ఆయన రాసిన మెటాసిటీలో మాత్రం మౌస్ ఫోకస్ వుంచాడు. తర్వాత గ్నోమ్ 3లో అది ట్వీక్ టూల్ అటకెక్కింది. 2012లో వాళ్ళూ అప్లికేషన్ మెనూ ఒకటి పై పట్టీలో పెట్టారు, మళ్ళీ అదే దారి గొడవ. దానికి వాళ్ళ దగ్గరున్న ఉపాయం ముచ్చటగా వుంటుంది. బాణం కదులుతున్నంతసేపూ ఫోకస్ మారదు, ఎక్కడైనా ఆగితేనే మారుతుంది. దారిలో దాటిపోయిన విండోలు లెక్కలోకి రావు. మెనూ 2019లో తీసేశారు, ఉపాయం వుండిపోయింది. యూనిటీతో నేను కుస్తీ పడుతున్నప్పుడు ఈ ఒక్క ముక్క వుండివుంటే!

ఆపిల్ వాళ్ళ టెర్మినల్లో కూడా మౌస్ వెంట ఫోకస్ నడిచే రహస్య సెట్టింగ్ ఒకటి వుండేది, కమాండ్ కొట్టి ఆన్ చేసుకోవాలి. అది టెర్మినల్ విండోల మధ్యే పనిచేసేది. ఎందుకో ఆలోచిస్తే నాకు తోచింది ఇది: టెర్మినల్ విండోలన్నిటికీ మెనూ ఒక్కటే, దారిలో ఫోకస్ మారినా పైనున్న పట్టీ మారదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళకి ఈ చిక్కు మొదట్నుంచీ లేదు, 1985 నాటి మొదటి విండోస్ నుంచే మెనూ విండోలోనే వుంది. విండోస్ 95 పవర్‌టాయ్స్‌లో ఎక్స్-మౌస్ అని ఒకటిచ్చారు. విండోస్ 7లో చూస్తే ఆ సెట్టింగ్ వికలాంగుల సదుపాయాల పేజీలో తేలింది. నన్ను ఏ కోవలో వేశారో అనుకుని నవ్వుకున్నాను. నవ్వాక, చేతులు సరిగ్గా పనిచెయ్యనివాళ్ళకి ఒక్కో క్లిక్ ఎంత భారమో తట్టి నవ్వు ఆగిపోయింది. 2015లో విండోస్ 10 వచ్చింది, అందులో క్లిక్ చెయ్యకుండానే బాణం కింద వున్న విండోని చక్రంతో తిప్పొచ్చు. మా కుర్రాడు రోజంతా చేసే పనే అది. చక్రానికి ఒప్పుకున్నవాడు కీబోర్డు దగ్గర దెయ్యమంటున్నాడు.

తెలుగు రాసేవాళ్ళకి ఇందులో ఇంకో తిరకాసుంది. నేను ఒక్కో విండోకి ఒక్కో కీబోర్డు లేఅవుట్ వుండేలా పెట్టుకుంటాను, ఎడిటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ తెలుగు, టెర్మినల్లో ఇంగ్లీషు. బాణం జారితే లేఅవుట్ కూడా దానితోపాటే మారిపోతుంది. ఒక్కోసారి టెర్మినల్లోనే తెలుగు మిగిలిపోతుంది. ఫైళ్ళు చూద్దామని ఎల్, ఎస్ నొక్కితే తెర మీద "తే" అని పడుతుంది. తే అనే కమాండ్ లేదు అంటుంది షెల్. ఏం తెమ్మంటున్నానో దానికేం తెలుసు పాపం.

ఇంతకీ మా కుర్రాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు, ఆ బగ్ ఇంకా తేలలేదు. నా మెషీన్లో కేడీఈ ప్లాస్మా వుంది, అందులో ఫోకస్ రకాలు వరసగా పెట్టివుంటాయి, మెనూని పైకి పంపే సదుపాయం కూడా 2017 నుంచి మళ్ళీ వుంది. వాడికి వేరే లాగిన్ చేసిచ్చాను, క్లిక్ చేస్తేనే కదిలేట్టు. "మెనూ పైన కావాలా, విండోలో కావాలా?" అనడిగాను. "ఏ మెనూ అన్నా?" అన్నాడు. వాడు వాడే ఎడిటర్‌లోనూ బ్రౌజర్‌లోనూ మెనూ బార్ కనిపించనే కనిపించదు.